ఆర్.ఎన్.ఏ. ఆకృతి – సందేశ సంస్కరణము

జన్యువునందలి సమాచారమును ప్రోటీన్లు నిర్మింపబడు చోటికి గొనిపోవు సందేశవాహక ఆర్.ఎన్.ఏ. 1961లో గుర్తింపబడిన పిమ్మట, దానియందలి అక్షరక్రమముపైననే విజ్ఞానుల దృష్టి విశేషముగా నిలిచెను. కాని ఒంటిపేటయైన ఈ అణువు తనపై తానే మడతపడి, అక్షరములను జతలుగా గూర్చుకొని, కాండములను వలయములను కల్పించుకొను స్వభావము గలది. 1965లో రాబర్ట్ హాలీ బృందము ఈస్టునందలి అలనైన్ వాహక ఆర్.ఎన్.ఏ. క్రమమును సమగ్రముగా నిర్ణయించి, దాని మడతల రూపమును సూచించుటతో ఆకృతి విచారమునకు దృఢమైన పునాది ఏర్పడెను.

1977లో ఫిలిప్ షార్ప్, రిచర్డ్ రాబర్ట్స్ బృందములు అడెనోవైరస్‌ను వేర్వేరుగా పరిశీలించి, జన్యువు తొలిప్రతిలో నడుమనుండు ఇంట్రాన్లు అను ఖండములు తొలగి, తక్కిన ఎక్సాన్లు అను ఖండములు ఒండొంటితో కలిసిన పిదపనే పక్వసందేశము సిద్ధించునని వెల్లడించెను. ఛేదనస్థానము గుర్తింపబడు విధమేమి? యు1 అను చిన్న ఆర్.ఎన్.ఏ. ఇంట్రాన్ ఆరంభముతో అక్షరజతలు కట్టునని 1980లో జోన్ స్టైట్జ్ బృందము ప్రతిపాదించెను. 1982లో థామస్ చెక్ బృందము, టెట్రాహైమినా అను ఏకకణజీవి రైబోసోమ్ ఆర్.ఎన్.ఏ.లోని ఇంట్రాన్, ప్రోటీన్ల సాయము లేకయే, తన మడతల బలముచేతనే తన్ను తాను తొలగించుకొనునని నిరూపించెను.

సందేశ సంస్కరణమున ఆకృతికి గల అధికారమును మానవ టౌ జన్యువు స్పష్టముగా చూపుచున్నది. ఇందలి పదవ ఎక్సాన్ అంచున ఒక కాండవలయము ఛేదనస్థానమును కొంత మరుగుపఱచుటచే, ఆ ఎక్సాన్ కొన్ని సందేశములలో నిలిచి, కొన్నింట తొలగును. ఈ కాండమును సడలించు ఉత్పరివర్తనములు కొన్ని మతిభ్రంశ రోగుల కుటుంబములలో 1998లో బయల్పడెను. వానిలో ఇంట్రాన్‌యందుండునవి ప్రోటీన్‌లోని ఒక్క అమైనో ఆమ్లమునైన మార్పవు. అయినను యు1కు మార్గము సుగమమై, పదవ ఎక్సాన్ గల సందేశములు మితిమీరి, మెదడు క్షీణించును.

ఫలమక్షికయందలి డిఎస్‌క్యామ్ జన్యువు 38,016 రూపములను ఈయగలదు. దాని ఆఱవ ఎక్సాన్‌కు గల 48 ప్రత్యామ్నాయములలో ఒక్కటియే ఏల ఎన్నుకొనబడును? ప్రతి ప్రత్యామ్నాయమునకు ముందున్న వరుస ఒకే ఆశ్రయస్థానముతో జతకట్టగోరును. ఒకటి జతగూడిన వెంటనే తక్కినవానికి తావుండదని బ్రెంటన్ గ్రేవ్‌లీ 2005లో వివరించెను.

ఛేదన సంధానములను జరుపు స్ప్లైసియోసోమ్‌లో ఉత్ప్రేరకము ఆర్.ఎన్.ఏ.యే యని 2013లో చికాగో పరిశోధకులు నిరూపించిరి. 2015లో చైనాలోని చింగ్హువా విశ్వవిద్యాలయ బృందము ఆ మహాయంత్రపు రూపమును సూక్ష్మముగా దర్శించెను. కావున, అమైనో ఆమ్లములను మార్పనంత మాత్రమున ఒక జన్యుభేదమును నిరపాయమని త్రోసిపుచ్చరాదు. అది ఏ మడతను సడలించినదో, ఏ స్థానమును బయల్పఱచినదో విచారించుట వైద్యవిజ్ఞానమునకు విధియైన ధర్మము.