విదేశీ షేర్లలో పెట్టుబడి

విదేశీ షేర్లలో పెట్టుబడి అనగా ఒక దేశంలో నివసించే వ్యక్తి తన పొదుపులో కొంత భాగాన్ని ఇతర దేశాల కంపెనీల షేర్లలో మదుపు చేయడం. పొదుపు మొత్తం ఒకే దేశపు ఆర్థిక స్థితిగతులపై ఆధారపడకుండా చూసుకోవడం దీని ముఖ్యోద్దేశం. దీనిని పెట్టుబడుల వైవిధ్యీకరణలో ఒక భాగంగా పరిగణిస్తారు. భారతదేశంలో నివసించే సాధారణ వ్యక్తులకు ఈ అవకాశం 2004 నుండి విస్తృతంగా లభించింది. ఇది నష్టభయాన్ని తగ్గించే సాధనమే కాని, లాభానికి హామీ కాదు.

సిద్ధాంత నేపథ్యం

అమెరికా ఆర్థికవేత్త హారీ మార్కోవిట్జ్ 1952లో ప్రచురించిన పరిశోధన వ్యాసంలో, ఒక్కొక్క షేరును విడిగా కాక మొత్తం పెట్టుబడిని ఒకటిగా చూడాలని ప్రతిపాదించాడు. ఒకే దిశలో కదలని షేర్లను కలిపి ఉంచినపుడు మొత్తం మీద ఒడిదుడుకులు తగ్గుతాయి. ఈ కృషికి ఆయన మెర్టన్ మిల్లర్, విలియం షార్ప్‌లతో కలిసి 1990లో ఆర్థికశాస్త్ర నోబెల్ బహుమతి పొందాడు. 1968లో హెర్బర్ట్ గ్రూబెల్ ఇదే సూత్రాన్ని వివిధ దేశాల మార్కెట్లకు అన్వయించాడు.

అయినప్పటికీ మదుపరులు అధిక భాగం స్వదేశీ షేర్లనే కొంటారు. దీనిని స్వదేశీ మొగ్గు అంటారు. కెన్నెత్ ఫ్రెంచ్, జేమ్స్ పోటెర్బా 1991లో ఈ ధోరణిని గణాంకాలతో చూపారు.

అవసరం

సాధారణ కుటుంబంలో జీతం, ఇల్లు, భవిష్య నిధి, బ్యాంకు డిపాజిట్లు అన్నీ ఒకే దేశంలో, ఒకే కరెన్సీలో ఉంటాయి. ఒకచోటనే అన్నీ ఉంచితే వచ్చే ప్రమాదానికి హైదరాబాదులోని సత్యం కంప్యూటర్స్ ఒక ఉదాహరణ. లెక్కలు తప్పుగా చూపినట్లు ఆ సంస్థ అధిపతి 2009 జనవరి 7న అంగీకరించగా, ఆ ఒక్కరోజే షేరు విలువలో నాలుగింట మూడు వంతులకు పైగా పోయింది. జీతానికీ, పొదుపుకూ అదే కంపెనీని నమ్ముకున్నవారికి రెండు వైపులా దెబ్బ తగిలింది.

ఒక కంపెనీ వలన వచ్చే నష్టాన్ని అదే దేశంలోని ఇతర కంపెనీల షేర్లతో తగ్గించుకోవచ్చు. దేశమంతటికీ వచ్చే నష్టాన్ని ఆ విధంగా తగ్గించలేము. జపాను సూచీ నిక్కీ 1989 డిసెంబరు 29న 38,915 వద్ద ముగిసింది. ఆ స్థాయిని అది తిరిగి దాటినది 2024 ఫిబ్రవరి 22న, అనగా 34 సంవత్సరాల తరువాత. 1989లో జపాను షేర్లను మాత్రమే కొన్న ఉద్యోగి పదవీ విరమణ నాటికి కూడా, డివిడెండ్లు మినహా, అసలు తిరిగి పొందలేని పరిస్థితి ఏర్పడింది.

భారతీయులకు గల మార్గాలు

భారతీయ రిజర్వు బ్యాంకు 2004 ఫిబ్రవరిలో లిబరలైజ్డ్ రెమిటెన్స్ స్కీమును ప్రవేశపెట్టింది. దీని ప్రకారం ఒక వ్యక్తి ఒక ఆర్థిక సంవత్సరంలో (ఏప్రిల్ నుండి మార్చి వరకు) విదేశాలకు పంపగల సొమ్ముపై పరిమితి కలదు. ఆ పరిమితి ఈ క్రింది విధంగా మారింది:

2004 ఫిబ్రవరి - 25,000 డాలర్లు
2006 డిసెంబరు - 50,000 డాలర్లు
2007 మే - 1,00,000 డాలర్లు
2007 సెప్టెంబరు - 2,00,000 డాలర్లు
2013 ఆగస్టు - 75,000 డాలర్లు
2014 జూన్ - 1,25,000 డాలర్లు
2015 - 2,50,000 డాలర్లు

2013లో రూపాయి విలువ వేగంగా పడిపోవడం వలన పరిమితిని తగ్గించారు. ఈ పథకం క్రింద సొమ్ము పంపడానికి పాన్ సంఖ్య తప్పనిసరి. విదేశీ ఎక్స్ఛేంజీలలో మార్జిన్ వ్యాపారానికి సొమ్ము పంపడం నిషిద్ధం.

విదేశీ షేర్లలో మదుపు చేసే భారతీయ మ్యూచువల్ ఫండ్ల యూనిట్లు కొనడం రెండవ మార్గం. ఇందులో మదుపరి రూపాయలలోనే చెల్లిస్తాడు. అయితే ఫండ్లన్నిటికీ కలిపి 700 కోట్ల డాలర్ల పరిమితి ఉన్నందున, 2022 ఫిబ్రవరిలో అనేక పథకాలు కొత్త సొమ్ము తీసుకోవడం నిలిపివేయవలసి వచ్చింది.

మారకపు రేటు ప్రభావం

విదేశీ షేరుపై రాబడి షేరు ధర, మారకపు రేటు అను రెండింటిపై ఆధారపడుతుంది. డాలరు విలువ 2004లో సుమారు 45 రూపాయలు కాగా, 2024 చివరకు సుమారు 85 రూపాయలకు చేరింది. అందువలన డాలర్లలో ధర మారని షేరు కూడా రూపాయలలో పెరిగినట్లయింది. దీనికి విరుద్ధంగానూ జరగవచ్చు. 2007లో డాలరు సుమారు 44 రూపాయల నుండి 39కి తగ్గింది. ఆ సంవత్సరారంభంలో 100 డాలర్లకు, అనగా 4,400 రూపాయలకు కొన్న షేరు 10 శాతం పెరిగి 110 డాలర్లయినా, ఏడాది చివర దాని విలువ 4,290 రూపాయలు మాత్రమే.

పన్నులు

2025 ఏప్రిల్ 1 నుండి అమలైన నిబంధన ప్రకారం, పెట్టుబడి కొరకు సంవత్సరంలో 10 లక్షల రూపాయలకు మించి పంపితే, మించిన మొత్తంపై 20 శాతం మూలం వద్దనే వసూలు చేస్తారు. ఉదాహరణకు 12 లక్షలు పంపితే 40,000 రూపాయలు వసూలవుతాయి. ఇది అదనపు పన్ను కాదు. రిటర్నులో సర్దుబాటు చేసుకోవచ్చు లేదా వాపసు పొందవచ్చు.

విదేశాలలో నమోదైన షేర్లను 24 నెలలకు పైగా ఉంచి అమ్మితే, 2024 జూలై 23 నుండి దీర్ఘకాలిక మూలధన లాభంపై పన్ను 12.5 శాతం. అంతకు ముందే అమ్మితే లాభం సాధారణ ఆదాయంతో కలుస్తుంది. అమెరికా కంపెనీల డివిడెండ్లపై ఆ దేశం 25 శాతం మినహాయించుకుంటుంది. దానిని ద్వంద్వ పన్నుల నివారణ ఒప్పందం క్రింద భారతదేశపు పన్నులో తగ్గించుకోవచ్చు. విదేశీ ఆస్తుల వివరాలను రిటర్నులో తెలపడం తప్పనిసరి. 2015 నాటి నల్లధన చట్టం ప్రకారం తెలపనివారికి 10 లక్షల రూపాయల జరిమానా విధించవచ్చు.

చాలామంది గమనించని అంశం వారసత్వ పన్ను. భారతదేశంలో ఎస్టేటు సుంకం 1985లో రద్దయింది. అమెరికాలో మాత్రం అది ఉన్నది. అక్కడి పౌరులుగాని నివాసులుగాని కానివారు మరణించినపుడు వారి అమెరికా షేర్ల విలువ 60,000 డాలర్లకు మించితే, మించిన దానిపై 40 శాతం వరకు పన్ను పడవచ్చు. ఈ భారం మదుపరిపై కాక అతని వారసులపై పడుతుంది. భారతీయ మ్యూచువల్ ఫండ్ యూనిట్లకు ఇది వర్తించదు.

పరిమితులు

ప్రపంచవ్యాప్త సంక్షోభాలలో అన్ని మార్కెట్లు కలిసి పడిపోతాయి. 2008లో అమెరికా సూచీ ఎస్ అండ్ పి 500 సుమారు 38 శాతం తగ్గగా, సెన్సెక్స్ సుమారు 52 శాతం తగ్గింది. కనుక వైవిధ్యీకరణ రక్షణ కొన్ని నెలల కాలంలో కంటే దశాబ్దాల కాలంలోనే స్పష్టంగా కనబడుతుంది. విదేశంలో నమోదైనంత మాత్రాన షేరు విదేశీ షేరు కాజాలదు. సత్యం కంప్యూటర్స్ డిపాజిటరీ రశీదులు న్యూయార్కులో కూడా వ్యాపారమయ్యేవి; వాటిని కొన్నవారికి కూడా అదే నష్టం కలిగింది.

ఇవి కూడా చూడండి

స్టాక్ మార్కెట్
మ్యూచువల్ ఫండ్
భారతీయ రిజర్వు బ్యాంకు
సెన్సెక్స్