లెక్కకు రాని చాకిరి

జాతీయాదాయపు లెక్కలు ప్రకృతి శాస్త్రాల కొలతల వంటివని మన విద్యావంతులు చాలామంది నమ్ముతారు. థర్మామీటరు జ్వరాన్ని చూపినట్టే జాతీయాదాయం దేశపు సంపదను చూపుతుందని వారి భావం. ఇది సరికాదు. థర్మామీటరులోని పాదరసాన్ని ఎవరూ తమకు నచ్చిన చోట ఆపలేరు. జాతీయాదాయంలో ఏది చేర్చాలో, ఏది విడిచిపెట్టాలో మనుషులే నిర్ణయిస్తారు. అటువంటి నిర్ణయాలలో చాలా పెద్దది, స్త్రీలు ఇళ్లలో చేసే చాకిరిని లెక్కలో నుంచి తీసివేయడం. అది ఎప్పుడు జరిగింది, ఎందుకు జరిగింది, ఎవరికి లాభించింది అన్నవి చరిత్ర చెప్పవలసిన విషయాలు.

ఇంటి పనిని ఏ ప్రభుత్వమూ ఏనాడూ పనిగా గుర్తించలేదనుకుంటే పొరపాటు. బ్రిటనులో 1851 జనాభా లెక్కల వర్గీకరణలో ముఖ్యపాత్ర వహించిన గణాంక శాస్త్రజ్ఞుడు విలియం ఫార్. ఆ లెక్కలలో భార్యలనూ, తల్లులనూ, గృహిణులనూ పని లేనివారి కింద తోసివేయలేదు. వారికి వృత్తుల పట్టికలోనే ఒక ప్రత్యేక తరగతి కల్పించారు. ముప్పై యేళ్లు గడిచాయి. 1881 లెక్కలలో ఆ స్త్రీలే “వృత్తి లేనివారు” అయిపోయారు. ఈ ముప్పై యేళ్లలో వారి పని ఏమన్నా తగ్గిందా? పొయ్యి ఆరలేదు, అంట్లు తోమడం ఆగలేదు, పిల్లలు తమంతట తాము పెరగలేదు. మారినదల్లా పని అనే మాటకు అర్థం. కూలి డబ్బులు చేతికి వచ్చేదే పని, రానిది పని కాదు అనే పెట్టుబడిదారీ సూత్రం అప్పటికి గణాంక శాఖలలో స్థిరపడింది.

ఈ మార్పును అందరూ నోరు మూసుకుని అంగీకరించలేదు. అమెరికాలో 1870 జనాభా లెక్కలు గృహిణులను శ్రామికులుగా ఎంచలేదని నిరసిస్తూ ఒక మహిళా సంఘం 1878లో ఆ దేశపు కాంగ్రెసుకు లేఖ పంపింది. దానివల్ల ఫలితం లేకపోయింది. 1891లో ఆస్ట్రేలియా వలసరాజ్యాల లెక్కలు ప్రజలను సంపాదించేవారు, ఆధారపడినవారు అని రెండుగా చీల్చినప్పుడు ఇంటి పని చేసే స్త్రీలు రెండవ వైపున పడ్డారు. ఇక్కడ మనం మరొక నిజం చెప్పుకోక తప్పదు. ఇల్లంతటినీ పోషించగల జీతం మగవాడికి రావాలన్నది ఆనాటి కార్మికసంఘాలు కూడా వినిపించిన కోరిక. యజమాని మీద అది న్యాయమైన పోరాటమే. కాని దాని చాటున, ఇంట్లో ఉన్న స్త్రీ పోషింపబడేదే గాని పోషించేది కాదనే అభిప్రాయం కార్మికోద్యమంలోకి కూడా ప్రవేశించింది.

గణాంకవేత్తలు చేసిన పనికి ఆర్థికశాస్త్రజ్ఞులు తర్వాత సిద్ధాంతం సమకూర్చారు. వారిలో ఒకడైన పీగూ 1920లో ఇందులోని వింతను తానే బయటపెట్టాడు. ఒక మనిషి తన ఇంట్లో జీతానికి పనిచేసే స్త్రీని పెళ్లాడితే దేశపు ఆదాయం తగ్గుతుంది! ఆమె నిన్న వండిన అన్నమే ఇవాళా వండుతున్నది, నిన్న ఊడ్చిన గదినే ఇవాళా ఊడుస్తున్నది. జీతం ఆగిపోయింది కనుక పని అదృశ్యమైంది. పీగూ ఈ వింతను గుర్తించాడు గాని లెక్క మార్చలేదు. 1934లో సైమన్ కుజ్నెట్స్ అమెరికా జాతీయాదాయం మీద తయారుచేసిన నివేదికలోనూ గృహిణుల సేవలకు చోటు దొరకలేదు.

ఇది తప్పించుకోలేని పరిస్థితి అనడానికి వీలు లేదు. రెండవ ప్రపంచయుద్ధం ముగిసిన తొలి సంవత్సరాలలో నార్వే దేశం తన జాతీయోత్పత్తిలో ఇంటి పని విలువను చేర్చి చూపింది. కొలవడం వారికి సాధ్యమే అయింది. అయితే ఐక్యరాజ్యసమితి 1953లో అన్ని దేశాలకూ ఒకే పద్ధతి నిర్ణయించింది. ఇంటి పని అందులో లేదు. ఆ కాలంలోనే నార్వే కూడా తన లెక్కలో నుంచి దానిని తొలగించింది.

ఈ పద్ధతిలో ఒక విశేషం పాఠకులు గమనించాలి. సొంత ఇంట్లో కాపురముండేవాడు ఎవరికీ అద్దె చెల్లించడు. అయినా అతడు తనకు తానే అద్దె ఇచ్చుకుంటున్నట్టు ఊహించి, ఆ డబ్బును జాతీయాదాయంలో కలుపుతారు. డబ్బు చేతులు మారని వ్యవహారానికి విలువ కట్టడం కష్టం అనే వాదన ఇక్కడ ఏమైంది? ఇటుకలు యజమానికి చేసే సేవకు లెక్క దొరికింది. ఆ ఇటుకల మధ్య అలికి ముగ్గు పెట్టిన మనిషి సేవకు దొరకలేదు. 1993లో సవరించిన పద్ధతి ఇంటి అవసరానికి కట్టెలు ఏరడాన్నీ, నీళ్లు మోయడాన్నీ ఉత్పత్తిగా ఒప్పుకున్నది. ఆ కట్టెలతో, ఆ నీళ్లతో వంట చేయడాన్ని ఒప్పుకోలేదు. అందుకు చెప్పిన కారణాలలో ఒకటి చాలా నిజాయితీగా ఉన్నది: ఇంటి పనిని ఉత్పత్తిగా అంగీకరిస్తే వయోజనులందరూ పనిచేస్తున్నవారే అవుతారు, నిరుద్యోగపు లెక్కలకు అర్థం పోతుంది. అంటే పట్టికలు చెడిపోకుండా ఉండడం కోసం మనుషులను తీసివేశారన్న మాట. 2025లో ఆమోదించిన కొత్త పద్ధతి కూడా ఈ శ్రమను ముఖ్యమైన లెక్కలోకి రానివ్వలేదు. పక్క పట్టికలలో చూపవచ్చునన్నది.

మన దేశంలో ఏం జరిగింది? స్వాతంత్ర్యానికి పూర్వమే ఈ ప్రశ్న మన ముందుకు వచ్చింది. 1938లో ఏర్పడిన జాతీయ ప్రణాళికా సంఘం, ప్రణాళికాబద్ధ ఆర్థిక వ్యవస్థలో స్త్రీ పాత్రను పరిశీలించడానికి రాణీ లక్ష్మీబాయి రాజ్వాడే అధ్యక్షతన ఒక ఉపసంఘాన్ని నియమించింది. 1947లో అచ్చయిన ఆ ఉపసంఘ నివేదిక ఇంటి పనికి ఆర్థిక విలువ ఉన్నదని గుర్తించాలన్నది. అంతటితో ఆగక, కుటుంబాదాయంలో కొంత భాగం మీద గృహిణికి పూర్తి అధికారం ఉండాలనీ, భర్త ఆస్తిలో వాటా ఉండాలనీ సూచించింది. ఆ తర్వాత ప్రొఫెసర్ మహలనోబిస్ అధ్యక్షుడుగా, గాడ్గిల్, వి.కె.ఆర్.వి. రావు సభ్యులుగా 1949లో జాతీయాదాయ సంఘం ఏర్పడింది. దాని లెక్కలలో ఇంటి పని కనబడదు. 1953లో దుర్గాబాయి దేశ్‌ముఖ్ నాయకత్వాన కేంద్ర సాంఘిక సంక్షేమ మండలి ప్రారంభమై మంచి పనులు చేసింది. ఆమె సేవను తక్కువ చేయడం మన ఉద్దేశం కాదు. కాని శ్రామికురాలుగా ప్రణాళికలోకి రావలసిన స్త్రీ, సహాయం పొందవలసిన అభాగ్యురాలుగా వచ్చింది. హక్కు అడగవలసిన చోట దయ మిగిలింది.

మన ఉపాధి సర్వేలలో ఇంటి పని మటుకే చేసే స్త్రీకి 92 అనీ, దానితో పాటు కట్టెలూ, పశువుల మేతా తెచ్చే స్త్రీకి 93 అనీ సంకేతాలున్నాయి. రెండవ ఆమె తెల్లవారకముందే అడవికి పోయి మోపు నెత్తిన పెట్టుకుని వచ్చినా ఆమె శ్రామికశక్తిలో లేనట్టే లెక్క.

మరి స్త్రీలు ఎంతసేపు పని చేస్తున్నారు? ప్రభుత్వం 2019లో దేశమంతటా కాలవినియోగ సర్వే జరిపింది. రోజులో ఏదో ఒక ఇంటి పని చేసినవారు స్త్రీలలో నూటికి 81, పురుషులలో నూటికి 26. అలా చేసినవారిలో సగటున స్త్రీకి పట్టిన కాలం 299 నిమిషాలు, పురుషుడికి 97. తిరిగి 2024లో సర్వే చేస్తే స్త్రీకి 289, పురుషుడికి 88 వచ్చింది. అయిదేళ్లలో స్త్రీ చాకిరి పది నిమిషాలు తగ్గిందని సంతోషించేలోగా పురుషుడిది తొమ్మిది నిమిషాలు తగ్గింది. వారిద్దరి మధ్య ఉన్న తేడా 202 నుంచి 201కి దిగింది. అయిదేళ్ల అభ్యుదయం ఒక్క నిమిషం!

ఈ శ్రమకు రూపాయలలో విలువ కట్టే మార్గాలు ముఖ్యంగా రెండు. అదే పని బయటి మనిషి చేత చేయిస్తే ఎంత ఇవ్వాలి అన్నది ఒకటి. ఆ స్త్రీ ఆ సమయంలో బయట పని చేస్తే ఎంత సంపాదించేది అన్నది రెండవది. రెండింటిలోనూ చిక్కున్నది. మొదటి పద్ధతికి కొలబద్ద పనిమనిషి జీతం. ఆ పని ఆడవాళ్లది, అందులోనూ పేద కులాల ఆడవాళ్లది కావడం చేతనే ఆ జీతం అంత హీనంగా ఉన్నది. అన్యాయమైన తూకపురాయితో తూచి ఇదే న్యాయమైన బరువు అంటున్నాం. రెండవ పద్ధతి ప్రకారం ఎం.ఏ. చదివిన ఆమె వండిన పప్పు ఖరీదైనదీ, నాట్లు వేసి వచ్చి వండిన కూలి మనిషి పప్పు చవకైనదీ అవుతుంది. అంతర్జాతీయ కార్మిక సంస్థ 2018లో ప్రకటించిన నివేదిక, ప్రపంచంలో రోజుకు 1,640 కోట్ల గంటల వేతనం లేని సంరక్షణ శ్రమ జరుగుతున్నదనీ, అందులో నూటికి 76 వంతులు స్త్రీలదేననీ చెప్పింది. కనీస వేతనంతో గుణించినా అది ప్రపంచ ఉత్పత్తిలో నూటికి తొమ్మిది వంతులయింది.

మన న్యాయస్థానాలు కూడా ఈ విలువను కట్టాయి. అయితే ఆమె చనిపోయిన తర్వాత. 1989లో జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదంలో మరణించిన గృహిణుల సేవలకు సుప్రీంకోర్టు 2001లో నెలకు 3,000 రూపాయలని అంచనా కట్టింది. 2010లో మరొక తీర్పు, జనాభా లెక్కలు గృహిణులను బిచ్చగాళ్లతో, ఖైదీలతో ఒకే గాటన కట్టినందుకు ఆక్షేపించింది. 2021లో కృష్ణాజిల్లాకు చెందిన జస్టిస్ ఎన్.వి. రమణ, పైన చెప్పిన 2019 సర్వే అంకెలనే ఉదహరించి, గృహిణికి ఆదాయం ఊహించి కట్టడం ఆమె శ్రమను గుర్తించడమేనని తీర్పు వ్రాశారు. లారీ కింద పడి మరణించిన స్త్రీకి ఉన్న విలువ బతికున్న స్త్రీకి లేకపోవడం ఎటువంటి అర్థశాస్త్రం?

ఇక అభ్యుదయవాదులమైన మన సంగతి. ఇంటి పని “ఉత్పాదక శ్రమ” కాదని మార్క్సు చెప్పాడు గనుక దాన్ని గురించి చర్చ అనవసరమనే మిత్రులున్నారు. వారు మాటను పట్టుకుని అర్థాన్ని వదిలేస్తున్నారు. పెట్టుబడిదారుడికి అదనపు విలువను సృష్టించి ఇచ్చేదే అతని దృష్టిలో ఉత్పాదక శ్రమ అని మార్క్సు వివరించాడు; అది పెట్టుబడి ఇచ్చే నిర్వచనం గాని శ్రమకు మార్క్సు ఇచ్చిన యోగ్యతాపత్రం కాదు. కార్మికుడు మర్నాడు మిల్లు గేటు దగ్గరకు రావాలంటే అతని శ్రమశక్తి తిరిగి సిద్ధం కావాలి. జీతం బియ్యాన్ని కొంటుంది. బియ్యం తనంత తానే అన్నం కాదు. ఆ మధ్య జరిగే శ్రమకు యజమాని కాణీ చెల్లించడు. చెల్లించవలసి వస్తే జీతాలు ఏ మేరకు పెరగాలో ఊహించుకోవచ్చు. 1884లో ఎంగెల్సు, 1919లో లెనిన్ ఇంటి చాకిరి నుంచి స్త్రీ విముక్తిని విప్లవపు పనులలో ఒకటిగా చెప్పారు. 1972లో ఇటలీలో మరియారోసా డల్లా కోస్టా, బ్రిటనులో సెల్మా జేమ్స్ ఇంటి పనికి వేతనం కావాలన్నప్పుడు ఈ వాదాన్నే ముందుకు తీసుకుపోయారు.

వేతనం ఇస్తే స్త్రీ వంటింటికి మరింత గట్టిగా కట్టుబడుతుందన్న భయం నిరాధారం కాదు. 2023లో తమిళనాడు ప్రభుత్వం స్త్రీల ఇంటి శ్రమకు గుర్తింపుగా నెలకు 1,000 రూపాయల హక్కు మొత్తం ఇవ్వసాగింది. సర్వే చెప్పిన 289 నిమిషాలతో భాగిస్తే గంటకు ఏడు రూపాయలు కూడా రాదు. గుర్తింపుగా అది మొదటి మెట్టే; వేతనమని మాత్రం అనలేం.

కాబట్టి లెక్క కట్టడంతో ఉద్యమం ముగియదు, అక్కడ మొదలవుతుంది. ఎన్ని గంటలు నీళ్లకు పోతున్నాయో తెలిస్తే ప్రతి ఇంటికీ కుళాయి అడగవచ్చు. ఎన్ని గంటలు పసివాళ్లకు పోతున్నాయో తెలిస్తే ప్రతి పేటకూ శిశుశాల అడగవచ్చు. కాపురంలో కూడబెట్టిన ఆస్తిలో ఆమె శ్రమ వాటా ఎంతో తేలితే, 1947లో దుమ్ము పట్టిన ఆ నివేదికను మళ్లీ పైకి తీయవచ్చు. ఇవన్నీ ప్రభుత్వం నుంచి రాబట్టవలసినవి. 201 నిమిషాల తేడాలో మగవాళ్ల వంతు మటుకు ఏ ప్రభుత్వమూ ఇచ్చేది కాదు. సమానత్వాన్ని గురించి పాఠాలు చెప్పే ఉపాధ్యాయులూ, నినాదాలిచ్చే విద్యార్థులూ ఆ వంతును తమ ఇళ్లలోనే చెల్లించవలసి ఉన్నది.