కాడుగోడి: చెరువు దేవతలు, తూర్పుదారి యాత్రికులు

బెంగళూరు నగర మధ్యానికి తూర్పుగా సుమారు 20 కిలోమీటర్ల దూరంలో ఉన్న కాడుగోడి పేరు తెలుగువారికి కొత్తది కాదు. 1960ల నుంచి అక్కడి బృందావన ఆశ్రమానికి తెలుగు జిల్లాల నుంచి రైళ్ళలో, బస్సుల్లో వెళ్ళివచ్చినవారు ఎందరో ఉన్నారు. తరువాతి కాలంలో వైట్‌ఫీల్డు కంపెనీలలో ఉద్యోగాలకు వచ్చి ఆ చుట్టుపక్కలే స్థిరపడిన తెలుగు కుటుంబాలూ తక్కువేమీ కాదు. అయితే ఆ ఊరికి దాదాపు వెయ్యేళ్ళ లిఖిత చరిత్ర ఉందనీ, ఆ చరిత్ర ఒక చెరువుతోనూ ముగ్గురు దేవతలతోనూ మొదలవుతుందనీ అక్కడ నివసించే మనవారిలో చాలామందికి తెలియదు. ఆ సంగతులను, ఆ ఊరి మీదుగా తూర్పుకు సాగే యాత్రాదారిని ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

తెలుగు దేశానికి వెలుపల చదువుకొనే విద్యార్థులు పాత గుడి ఏది కనిపించినా ముందుగా అడిగే ప్రశ్న ఒకటుంది: "ఇది మనవాళ్ళ గుడేనా?" ఆ ప్రశ్నలో మమకారమే ఉంది, దోషం లేదు. కాని ఈ సరిహద్దు సీమలో ఆ ప్రశ్నకు అవునని గాని కాదని గాని ఒక్కమాటలో బదులు చెప్పడం కష్టం. ఎందుకు కష్టమో కాడుగోడి రాయి స్పష్టంగా చెబుతుంది.

కాడుగోడి శాసనం క్రీ.శ. 1043 నాటిది. మొదటి రాజేంద్ర చోళుని పాలనలో, గ్రంథ, తమిళ లిపులలో, తమిళ భాషలో చెక్కినది. పెర్మాడి గావుండ కుమారుడైన రాజరాజ వేళాన్ అనే అధికారి పట్టందూరు చెరువు కట్టించి, తూములు పెట్టించి, దుర్గ, క్షేత్రపాలుడు, గణపతి అనే దేవతలను ప్రతిష్ఠించినట్లు అందులో ఉంది. మైసూరు సంస్థానంలో పురావస్తు శాఖను నడిపిన బి. ఎల్. రైస్ 1905లో ప్రకటించిన బెంగళూరు జిల్లా శాసన సంపుటంలో హొసకోటె తాలూకా శాసనాల కింద దీనిని చేర్చారు. అప్పట్లో కాడుగోడి ఆ తాలూకాలోనిది.

ఆ కాలాన్ని ఒకసారి గుర్తుచేసుకోవాలి. చోళులు 1004 ప్రాంతంలో తలకాడును జయించి గంగవాడిని ఆక్రమించారు. 1116 ప్రాంతంలో హొయ్సళ విష్ణువర్ధనుడు వారిని వెళ్ళగొట్టేదాకా, అంటే నూరేళ్ళకు పైగా, ఈ సీమ చోళుల ఏలుబడిలో ఉంది. కోలారులోని కోలారమ్మ గుడిలో కూడా చోళుల తమిళ శాసనాలు ఉన్నాయి. అదే కాలంలో గోదావరి తీరాన రాజమహేంద్రవరంలో రాజరాజ నరేంద్రుడు ఏలుతున్నాడు. ఆయన రాజేంద్ర చోళునికి మేనల్లుడు, అల్లుడు కూడా: తల్లి కుందవ రాజేంద్రుని సోదరి, భార్య అమ్మంగదేవి రాజేంద్రుని కుమార్తె. అంటే నన్నయను భారత రచనకు పురికొల్పిన రాజుకు మామగారైన చక్రవర్తి రాజ్యంలో కాడుగోడి చెరువు తవ్వారన్నమాట. మన ఆదికావ్యానికీ ఈ తమిళ శాసనానికీ నడుమ ఉన్న ఈ బంధుత్వం విద్యార్థులు గుర్తుంచుకోదగినది.

ఇక శాసనంలోని పేర్లను చూద్దాం. తండ్రి పేరు చివర ఉన్న "గావుండ" కన్నడ దేశపు గ్రామపెద్దల బిరుదు. తరువాతి కాలపు "గౌడ" దాని రూపాంతరమే. కొడుకు పేరులోని "వేళాన్" తమిళదేశపు గౌరవనామం. దాని ముందున్న "రాజరాజ" చోళచక్రవర్తి పేరు. తండ్రి ఒక భాష గౌరవాన్నీ కొడుకు మరొక భాష గౌరవాన్నీ ధరించారు. రాజ్యం మారినప్పుడు స్థానిక కుటుంబాలు కొత్త ప్రభువుల కొలువులో ఎలా నిలదొక్కుకున్నాయో ఈ రెండు పేర్లు సూచిస్తున్నాయి. ఆ కుటుంబం ఇంట్లో ఏ భాష మాట్లాడిందో రాయి చెప్పదు. శాసనం తమిళంలో ఉంది గనుక వారు తమిళులే అని తేల్చడం ఎంత తొందరపాటో, తండ్రి పేరును బట్టి వేరొక విధంగా తేల్చడం కూడా అంతే తొందరపాటు.

చెరువు మాటలు కూడా ఇదే సంగతిని చెబుతాయి. మన "తూము" కన్నడంలో "తూబు", తమిళంలో "తూంబు". మన "కట్ట" వారి "కట్టె". కన్నడంలో "కాడు" అంటే అడవి. "కోడి" అంటే చెరువు నిండినప్పుడు నీరు పొర్లిపోయే చోటు, మన రాయలసీమవారి "మరవ", తెలంగాణవారి "మత్తడి". కాడుగోడి అనే పేరు వినగానే అడవి అంచున ఉన్న చెరువు కోడి మనసులో మెదులుతుంది. ఊరి పేరు మాత్రమే చరిత్రకు సాక్ష్యం కాజాలదు గాని, శాసనం చెప్పే చెరువు పనితో ఆ పేరు చక్కగా పొసగుతుంది.

చెరువుకూ దేవతలకూ సంబంధం ఏమిటి? జీవనదులు లేని ఈ మెట్ట పీఠభూమిలో వ్యవసాయానికీ తాగునీటికీ వానచెరువే ఆధారం. కట్ట తెగితే ఊరే ఉండదు. శాసనం పేర్కొన్న ముగ్గురు దేవతలు ఆ భయానికి తగినవారే: విఘ్నాలు తొలగించే గణపతి, పొలిమేరను కాచే క్షేత్రపాలుడు, కాపాడే అమ్మవారు దుర్గ. ఈ దేవతలకు ఏటేటా జరిగే పూజ కట్టను ఏటేటా చూసుకోవడానికి ఊరంతటికీ ఒక సందర్భం కూడా అయింది. మన పల్లెల్లో చెరువు నిండినప్పుడు గంగమ్మకు పసుపు కుంకుమలు సమర్పించే ఆచారాన్ని చూసినవారికి ఈ మాట కొత్తగా అనిపించదు. పండుగ అంటే భక్తి మాత్రమే కాదు, నీటిని గూర్చిన ఊరి ఒడంబడిక కూడా.

కాడుగోడిలోని కాశీ విశ్వేశ్వరాలయం చోళుల కాలం నాటిదని ప్రసిద్ధి. శివరాత్రి, కార్తీక సోమవారాలు శివాలయాలకు ముఖ్యమైన దినాలు గదా. ఇక్కడ ఆలోచించవలసినది స్వామి పేరు. దక్షిణదేశంలో ఎన్నో పల్లెల్లో శివుణ్ణి కాశీ విశ్వేశ్వరుడనే పిలుస్తారు. కాశీకి పోవడం అందరికీ సాధ్యమయ్యేది కాదు. ఏనుగుల వీరాస్వామయ్యగారు 1830 మే నెలలో మద్రాసు నుంచి పరివారంతో బయలుదేరి కాశీయాత్ర ముగించుకొని 1831 సెప్టెంబరులో తిరిగివచ్చారు. పదిహేను నెలలకు పైగా పట్టిన ఆ ప్రయాణాన్ని ఆయన తన కాశీయాత్ర చరిత్రలో వివరంగా రాశారు. సుప్రీంకోర్టు ఉద్యోగి, కలిగినవారు కనుక ఆయనకు సాధ్యమైంది. ఒక రైతుకు, ఒక కూలికి పదిహేను నెలలు ఊరు విడవడం కుదిరే పనేనా? కాశీకి పోలేనివారి కోసం కాశీయే ఊరికి రావలసివచ్చింది. అందుచేత యాత్ర చరిత్ర రాసేవారు దూరం పోయినవారి మాటలతో పాటు, పోలేక ఊళ్ళోనే ఆ పుణ్యం వెతుక్కున్నవారి ఆచారాలను కూడా లెక్కలోకి తీసుకోవాలి.

కాడుగోడి నుంచి హొసకోటె చేరి, అక్కడ నుంచి తూర్పుగా సాగితే కోలారు, ముళబాగిలు, పలమనేరు, చిత్తూరు మీదుగా తిరుపతి. ముళబాగిలు అన్న పేరు "మూడల బాగిలు", అంటే తూర్పు వాకిలి, నుంచి వచ్చిందని చెబుతారు. కన్నడసీమ నుంచి తిరుమలకు కాలినడకన పోయే భక్తులకు ఇది పాతదారి. 1944లో మొదటి ఘాటు రోడ్డు వేసేదాకా కొండమీదికి నడిచి ఎక్కవలసిందే, లేదా డోలీలో పోవలసిందే. నేటికీ ఈ దారిన పాదయాత్ర చేసే బృందాలు ఉన్నాయి.

తిరుమల విషయంలో మన విద్యార్థులు తప్పక గమనించవలసిన సంగతి మరొకటి ఉంది. తెలుగువారు తమ ఇంటి దేవుడుగా భావించే ఆ ఆలయపు గోడలమీది శాసనాలలో అధికభాగం తమిళంలోనే ఉన్నాయి. శ్రీకృష్ణదేవరాయలు 1513 మొదలుకొని ఏడుసార్లు తిరుమల దర్శించాడు. స్వామిని అన్నమయ్య తెలుగులో పాడాడు, పురందరదాసు కన్నడంలో పాడాడు. శాసనాల భాష ఒకటి, సంకీర్తనల భాషలు రెండు, దేవుడు ఒక్కడే. తిరుమలను తమిళ శాసనాల వల్ల పరాయిదిగా భావించని మనం, కాడుగోడి గుడిని మాత్రం ఆ కారణంగా పరాయిదని ఎందుకు అనుకోవాలి? అలాగే, ఈనాడు అక్కడ తెలుగువారు ఎక్కువగా పూజలు చేయిస్తున్నారు గనుక అది మనదే అని ఎందుకు చాటుకోవాలి?

తిరుపతి దాకా పోలేనివారికి దారిలోనే మరో తిరుపతి ఉంది. మాలూరు తాలూకాలోని చిక్కతిరుపతిలో ప్రసన్న వేంకటేశ్వరుడు అభయహస్తంతో దర్శనమిస్తాడు. ఖాండవ దహనం తరువాత తేజస్సు కోల్పోయిన అగ్నిదేవుడు ఈ స్వామిని ప్రతిష్ఠించాడని స్థలపురాణం. శ్రావణ శనివారాలలో ఇక్కడ రద్దీ ఎక్కువ. తెలుగువారికీ కన్నడిగులకూ పంచాంగం ఒకటే. చాంద్రమానం గనుక ఉగాది, శ్రావణం ఇద్దరికీ ఒకేసారి వస్తాయి. తమిళులది సౌరమానం, వారికి వేంకటేశ్వరుని శనివారాలు పెరటాసి నెలలో, అంటే సెప్టెంబరు, అక్టోబరులలో వస్తాయి. మూడు భాషలవారు కలిసి బతికే ఇలాంటి సీమలో ఒకే దేవునికి రెండు నెలల శనివారాలు ఉండటంలో వింత లేదు. ఒక గుడి దగ్గర ఏ నెలలో జనం ఎక్కువగా చేరుతున్నారో గమనించినా ఆ చుట్టుపక్కల ఎవరెవరు వచ్చి స్థిరపడ్డారో కొంత అర్థమవుతుంది.

ఈ దారికి ఉత్తరంగా చింతామణి తాలూకాలో కైవారం ఉంది. కైవార తాతయ్యగా ప్రసిద్ధుడైన యోగి నారేయణ యతీంద్రులు 1726లో జన్మించి 1836లో జీవసమాధి పొందారని సంప్రదాయం. గాజుల వ్యాపారం చేసే కుటుంబంలో పుట్టి యోగియైన ఆయన తెలుగులోనూ కన్నడంలోనూ కీర్తనలు, శతకం, కాలజ్ఞానం రచించారు. గురుపూర్ణిమకు కైవారంలో సంగీతోత్సవం జరుగుతుంది. పల్లెల నుంచి భజన బృందాలు వస్తాయి. కోలారు, చిక్కబళ్ళాపురం జిల్లాలలో ఇంట తెలుగు మాట్లాడి బడిలో కన్నడం చదివినవారు ఎందరో ఉన్నారు. వారు తాతయ్య తెలుగు పదాలను కన్నడ లిపిలో అచ్చయిన పుస్తకాలు చూసి పాడతారు. తెలుగు చదవడం రాని తెలుగువారికి భాష నిలిచింది భజనలోనే. పరదేశాలలో పెరుగుతూ ఇంగ్లీషు అక్షరాలలో అన్నమయ్య కీర్తనలు రాసుకొని నేర్చుకొనే పిల్లలు ఈ మాటను బాగా అర్థం చేసుకోగలరు. వారు చేస్తున్నది కొత్త పనీ కాదు, తక్కువ పనీ కాదు.

ఉత్సవాలలో కూడా ఈ పరస్పరత కనిపిస్తుంది. కార్తీకమాసం చివరి సోమవారం బెంగళూరు బసవనగుడిలో కడలెకాయి పరిషె జరుగుతుంది. కోలారు, చింతామణి, మాలూరు ప్రాంతాల రైతులతోపాటు ఆంధ్ర, తమిళ ప్రాంతాలవారు కూడా వేరుశనక్కాయలు తెచ్చి అక్కడ అమ్ముతారు. "పరిషె" అన్న మాట మన రాయలసీమలో "పరుష"గా వాడుకలో ఉన్నదే. చైత్ర పూర్ణిమకు బెంగళూరు ధర్మరాయస్వామి గుడిలో తిగళులు జరిపే కరగ ఉత్సవంలో ద్రౌపదియే ఆదిశక్తి. చిత్తూరు జిల్లాలో ధర్మరాజుల గుళ్ళ దగ్గర పగలు హరికథగా, రాత్రి వీధినాటకంగా భారతం నడిచి, చివరికి అగ్నిగుండంతో ముగుస్తుంది. అక్కడా పూజలందుకొనేది ద్రౌపదే. రాష్ట్రాల సరిహద్దు 1956లో ఖరారైంది; ఈ పండుగల సరిహద్దు మాత్రం ఆ గీతమీద ఎన్నడూ లేదు.

ఇక ఇప్పటి స్థితి. నగరం పెరిగిన కొద్దీ చెరువులు పూడిపోయాయి, పొలాలు ప్లాట్లయ్యాయి. ఒక శతాబ్దం క్రితం రైస్ నమోదు చేసిన బెంగళూరు పరిసర శాసనాలలో కొన్ని కట్టడాల కింద కనుమరుగైనాయి. ఇటీవలి సంవత్సరాలలో నగరవాసులు కొందరు మిగిలినవాటిని వెతికి కాపాడటానికి పూనుకున్నారు. 1909లో స్థాపితమైన మిథిక్ సొసైటీ ఈ రాళ్ళను త్రిమితీయ చిత్రాలుగా భద్రపరిచే పని చేపట్టింది. ఇది మెచ్చదగిన కృషి. అయితే బొమ్మ మిగిలి చెరువు పోతే శాసనానికి అర్థం సగమే మిగులుతుంది. రాజరాజ వేళాన్ రాయిని పాతింది చెరువు కోసమే గదా.

2023 మార్చి 25న వైట్‌ఫీల్డు, కృష్ణరాజపురం మధ్య మెట్రో రైలు మొదలైంది. చివరి స్టేషను పేరు వైట్‌ఫీల్డు కాడుగోడి. అదే మార్గంలో ఇంకొక స్టేషను పేరు పట్టందూరు అగ్రహారం. దాదాపు వెయ్యేళ్ళ క్రితం శాసనంలో చెక్కిన ఊరి పేరును రోజూ వేలమంది రైలు పెట్టెలో వింటున్నారు. ఆ పేరు ఎక్కడిదో తెలిసి వినేవారు ఎందరు?

కనుక విద్యార్థులకు మా మనవి ఒక్కటే. మీరున్న ఊళ్ళో పాత గుడి ఉంటే "ఎవరిది?" అని అడగడానికి ముందు "దేనికోసం కట్టారు? ఎవరెవరు వస్తారు? ఏ నెలలో వస్తారు? ఏ భాషలో పాడతారు?" అని అడగండి. పెద్దవారు చెప్పినది మీకు వచ్చిన లిపిలోనే రాసిపెట్టుకోండి. గుడి పక్కన చెరువు ఉంటే దానినీ చూసి రండి. దర్శనంలో అదీ ఒక భాగమే.