ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు – నీరడి వృత్తి

రంగారెడ్డి జిల్లాలోని ఇబ్రహీంపట్నం పెద్ద చెరువు చరిత్ర సాధారణంగా గోల్కొండ సుల్తాను ఇబ్రహీం కులీ కుతుబ్ షా (1550–1580) పేరుతో మొదలై అక్కడే ఆగిపోతుంది. తెలుగు కవుల మల్కిభరాముడు ఇతడే. అయితే చెరువును కట్టించడం ఒకనాటి పని. నిలబెట్టడం ఏటేటా సాగవలసిన పని. అలుగు పూడితే వరదనీరు కట్టమీదుగా పొర్లి మట్టిని కోస్తుంది. తూము పక్కన ఊట పెరిగితే గండి పడుతుంది. వీటిని కనిపెట్టి, తూము తెరచి మూస్తూ, ఆయకట్టు మడులకు వంతులవారీగా నీరు పారించినవాడు తెలంగాణ గ్రామాల నీరడి. కట్ట పోసిన వడ్డెరల పేర్లవలెనే అతని పేరూ శాసనాలకెక్కడం అరుదు.

నిజాం కాలంలో అలీ నవాజ్ జంగ్ వంటి ఇంజనీర్లతో జలనిర్మాణం శాఖాపరమైన వృత్తిగా స్థిరపడింది. 2015లో ప్రారంభమైన మిషన్ కాకతీయ పూడికతీతను, కట్టలు, తూములు, అలుగుల మరమ్మతును చేపట్టింది. ఇది అవసరమైన పనే. కాని గుత్తేదారు పని బిల్లుతో ముగుస్తుంది. ఆ తరువాతి వానాకాలపు రాత్రి కట్టపై ఎవరుండాలన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. నీరడులు కాలక్రమంలో గ్రామ రెవెన్యూ సహాయకులలో కలిసిపోయారు. 2023లో ఆ వ్యవస్థను రద్దు చేసినప్పుడు వారిలో కొందరిని నీటిపారుదల శాఖలోకి తీసుకున్నారు.