మంచు, మబ్బు వాతావరణంలో వరికి అగ్గి తెగులు ముప్పు

హైదరాబాదు తూర్పు భాగంలోని దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్ దాటి విజయవాడ జాతీయ రహదారి వెంట సాగితే నల్లగొండ, సూర్యాపేట జిల్లాల వరి పొలాలు వస్తాయి. యాసంగిలో ఈ పైరుకు ప్రధాన ముప్పు అగ్గి తెగులు. పైరిక్యులేరియా ఒరైజే అను శిలీంధ్రం దీనికి కారకం.

గాలి ద్వారా వచ్చే సిద్ధబీజాలు ఆకుపై పడినంత మాత్రాన తెగులు సోకదు. అవి మొలకెత్తడానికి ఆకు కొన్ని గంటలపాటు తడిగా ఉండాలి. రాత్రి ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెంటీగ్రేడు దరిదాపుల్లో, గాలిలో తేమ 90 శాతానికి మించి ఉండి, మంచు, మబ్బు లేదా చిరుజల్లులు కొనసాగితే తెగులు ఉధృతమవుతుంది. ఎండ కాసి ఆకులు త్వరగా ఆరితే వ్యాప్తి తగ్గుతుంది.

ఆకులపై నూలు కండె ఆకారంలో, గోధుమ రంగు అంచులు, బూడిద రంగు మధ్యభాగం గల మచ్చలు ఏర్పడతాయి. ఇవి కలిసిపోయినప్పుడు పైరు కాలినట్లు కనిపిస్తుంది. వెన్ను మెడకు సోకితే వెన్ను విరిగి, గింజలు తాలుగా మారతాయి.

నత్రజని అధికమైతే తెగులు మరింత పెరుగుతుంది. కావున ఇటువంటి వాతావరణంలో యూరియా వేయడం వాయిదా వేయాలి. గట్లపై కలుపు తొలగించాలి. మచ్చలు కనిపించిన వెంటనే లీటరు నీటికి ఐసోప్రోథయోలేన్ 1.5 మి.లీ. లేదా కాసుగామైసిన్ 2.5 మి.లీ. చొప్పున కలిపి పిచికారీ చేయాలి.

సాంబ మసూరి (బి.పి.టి. 5204) ఈ తెగులుకు సులభంగా లోనవుతుంది. రాజేంద్రనగర్‌లో రూపొందించిన తెలంగాణ సోన (ఆర్.ఎన్.ఆర్. 15048) దీనిని తట్టుకుంటుంది. ఏ రకమైనా, మంచు పడిన ఉదయాలలో రైతులు పొలాన్ని తప్పక పరిశీలించాలి.