చంద్రగిరి రాజులెరుగని వేపుడు

విజయనగర ప్రభువు రెండవ వేంకటపతిరాయలు 16వ శతాబ్దం చివరి దశకంలో పెనుకొండ విడిచి చంద్రగిరిని రాజధాని చేసుకున్నాడు. 1598 నాటికి జెస్యూట్ పాదిరీలూ ఆ కొలువుకు వచ్చారు. అక్కడి విందుల్లో ఏయే వంటకాలు వడ్డించినా ఉర్లగడ్డ వేపుడు మాత్రం ఉండివుండదు. ఈనాడు తిరుపతి హోటళ్లలో పిల్లలు అడిగి మరీ తినే ఫ్రెంచ్ ఫ్రైస్‌లో ఉప్పును పక్కన పెడితే ఉర్లగడ్డ, పైన చల్లే కారం, నంజుకునే టమాటా సాస్ అన్నిటి మూలాలూ అమెరికా ఖండాలవే. ఇంట్లో వేయించే శెనక్కాయ నూనె సంగతీ అంతే.

ఉర్లగడ్డను మొదట సాగు చేసింది ఆండీస్ కొండల్లో, టిటికాకా సరస్సు చుట్టుపక్కల. 16వ శతాబ్దంలో స్పెయిన్ వాళ్లు దాన్ని ఐరోపాకు చేర్చారు. ఫ్రాన్స్ చాలాకాలం నమ్మలేదు, పశువుల మేతగానే చూసింది. ప్రష్యాలో యుద్ధఖైదీగా ఈ గడ్డ తిని బతికిన పార్మెంతియే అనే ఫ్రెంచి వాడు దాని గుణాలను ప్రచారం చేశాడు. 1772లో పారిస్ వైద్యులు అది తినదగినదేనని తేల్చారు. ఆ తర్వాతే పారిస్ వీధుల్లో వేపుడు బేరం పుంజుకుంది. 1680లోనే మ్యూజ్ నది ఒడ్డున తాము వేయించుకు తిన్నామని బెల్జియం వాళ్లంటారు. ఆ ప్రాంతానికి ఉర్లగడ్డ చేరిందే 1735 ప్రాంతంలో కాబట్టి ఆ కథ నిలవదని బెల్జియం చరిత్రకారుడు పియెర్ లెక్లెర్క్ వాదించారు. పారిస్‌లో పని నేర్చుకున్న బవేరియా వాడు క్రీగర్ 1840ల్లో బెల్జియం తిరునాళ్లకు ఆ వేపుడును తీసుకెళ్లాడు.

మన వైపు దారి వేరు. 1639లో చంద్రగిరి ప్రభువుల సామంతుడు దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇంగ్లీషు కంపెనీకి మద్రాసు తీరాన చోటిచ్చాడు. ఆ కంపెనీ కలెక్టరు జాన్ సల్లివన్ 1820ల్లో నీలగిరుల్లో ఉర్లగడ్డ సాగు చేయించాడు. గడ్డ ఊరడానికి రాత్రిపూట చల్లదనం కావాలి. చిత్తూరు జిల్లా పడమటి మెట్టలో, పలమనేరు, వి.కోట వైపు అది దొరుకుతుంది, అందుకే అక్కడ ఈ పంట నిలిచింది. ఇక నూనె సంగతి: 19వ శతాబ్దంలో ఫ్రాన్సులోని మార్సేయ్ నూనె మిల్లుల గిరాకీ వల్ల పాండిచ్చేరి రేవు వెనకాల మెట్టల్లో శెనక్కాయ సాగు పెరిగింది. అంటే ఫ్రెంచి వాళ్ల పాత్ర మన సీమ పొరుగునా ఉంది, కాకపోతే నూనెగింజ రూపంలో.

రుచి నిలవడానికి కారణం పిండిపదార్థం, వేడి. నీరు తక్కువ, పిండి ఎక్కువ ఉన్న గడ్డను మొదట తక్కువ వేడిలో ఉడికేలా వేయించి, చల్లార్చి, మళ్లీ 180 డిగ్రీల దాకా కాగిన నూనెలో వేస్తే పైపొర కరకరలాడుతుంది, లోపల మెత్తగా ఉంటుంది. గడ్డను మరీ చల్లని గిడ్డంగిలో ఉంచితే చక్కెర పెరిగి, వేగగానే నల్లబడుతుంది. అమెరికాలో సింప్లాట్ కంపెనీ 1940ల్లో ఘనీభవించిన ముక్కల తయారీని సాధించాక ఒకే రుచి ఊరూరికీ చేరింది. 1996లో మెక్‌డొనాల్డ్స్ భారత్‌లో అడుగుపెట్టింది. ఫ్రైస్ కోసమే మన శాస్త్రవేత్తలు కుఫ్రి ఫ్రైసోనా రకాన్ని రూపొందించి 2009లో విడుదల చేశారు.

ఉర్లగడ్డా, శెనక్కాయా, మదనపల్లె టమాటా పండే ఈ సీమలో ఫ్రెంచ్ ఫ్రైస్‌ను పరాయి తిండి అనడానికి చరిత్ర ఒప్పుకోదు. పరాయిదంటే మన కారమూ పరాయిదే.