బందరు పేటలు చెప్పే చరిత్ర

పలు జాతులవారు కలసి బ్రతికే చిన్న ఊరు అనగానే మనలో చాలామందికి అమెరికా గుర్తుకు వస్తుంది. నాకు మాత్రం బందరు గుర్తుకు వస్తుంది.

మచిలీపట్నంలో వలందపాలెం, పరాసుపేట, ఇంగ్లీషుపాలెం అన్న పేర్లు నేటికీ వాడుకలో ఉన్నాయి. వలందులంటే హాలండువారు, అనగా డచ్చివారు. పరాసులంటే ఫ్రెంచివారు. పోర్చుగీసువారినైతే మన పెద్దలు బుడతకీచులన్నారు. నోరు తిరగని పేరును తెలుగు చేసి వాడుకోవడం మనకు కొత్త కాదు.

పదిహేడవ శతాబ్దంలో బందరు గోల్కొండ సుల్తానుల ప్రధాన రేవు. పారశీక వర్తకులు అప్పటికే ఇక్కడ స్థిరపడి ఉన్నారు. 1605లో డచ్చివారు, 1611లో ఇంగ్లీషువారు వచ్చారు. 1669లో ఫ్రెంచివారు వచ్చిన తీరు మరీ విచిత్రం. వారి తరఫున గోల్కొండ నుండి ఫర్మానా సంపాదించినవాడు మర్కారా అనే ఆర్మీనియా వర్తకుడు. ఫ్రెంచి కంపెనీ, ఆర్మీనియా మధ్యవర్తి, పారశీకం మాట్లాడే దర్బారు, తెలుగు రేవు: ఒక్క కాగితంలో ఇన్ని లోకాలు కలిశాయి.

ఇందరినీ ఇక్కడికి లాగినది బట్ట. చిరివేరు ఇచ్చే ఎరుపు, పటికతో నిలిచే రంగు, ఎన్ని ఉతుకులకూ వదలని అద్దకం. డచ్చివారు ఈ బట్టలను తూర్పు దీవులకు తీసుకుపోయి లవంగాలకు, జాజికాయలకు మారకం వేసేవారు. కలంకారీ అన్న మాటే పారశీకం. పని మాత్రం మన చేతులది. ఐరోపాలో ఈ అద్దకాలకు గిరాకీ ఎంత పెరిగిందంటే, అక్కడి నేతగాళ్ళకు భయపడి ఫ్రాన్సు 1686లోనూ, ఇంగ్లాండు 1700లోనూ వీటిపై నిషేధాలు విధించాయి.

అయితే దీనిని సామరస్యమని మురిసిపోవడానికి నాకు మనసు ఒప్పదు. ఎవరి పాలెం వారిది, ఎవరి శ్మశానం వారిది. కరువు కాలాల్లో ఈ తీరం నుండి మనుషులను కూడా కొని, బానిసలుగా ఓడలెక్కించారు. 1750లో ఫ్రెంచివారి చేతికి వచ్చిన బందరు కోటను 1759లో కర్నల్ ఫోర్డు ముట్టడించి పట్టుకున్నాడు. ఇరుగుపొరుగు వర్తకులు ఫిరంగులతో మాట్లాడుకున్నారన్నమాట.

1864 నవంబరు 1 నాటి ఉప్పెనలో దాదాపు ముప్పైవేల మంది పోయారని అంచనా. సముద్రం జాతి అడగలేదు. ఫ్రెంచివారి చిన్న స్థావరం మాత్రం పేరుకు 1947 దాకా వారిదిగానే నిలిచింది.

డచ్చివారి సమాధి రాళ్ళపై చెక్కిన పేర్లు ఇంకా ఉన్నాయి. ఈ మూడు పేటల పేర్లూ సరుకు కొన్నవారివే. నేసినవారి పేర్లు, చిరివేరు తవ్వినవారి పేర్లు ఏ రాతి మీదా లేవు. బందరు వైవిధ్యాన్ని తలచుకున్నప్పుడల్లా నన్ను తొలిచేది ఈ లోటే. వచ్చినవారి లెక్కలు వారి కంపెనీల దస్తావేజులలో భద్రంగా ఉన్నాయి. ఉన్నవారి జ్ఞాపకం మాత్రం పెడనలో ఇప్పటికీ అద్దకపు దిమ్మె పట్టుకున్న చేతులలోనే మిగిలింది.

మీ ఊళ్ళలోని పేటల పేర్లను కూడా ఒకసారి విప్పి చూడండి. ఎవరు వచ్చారో అవి చెబుతాయి. ఎవరిని మరచామో మనమే వెదకాలి.